టర్కిష్ దావుల్, పాశ్చాత్య వయొలిన్లు, మధ్యలో ఎనిమిది మంది నాట్యకారులు: ఎవరు ఎవరి వెంట నడవాలి?

కొలోన్_కమాను (కొలోన్, జర్మనీ)

అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత ఇక్కడ రాస్తున్నాను. సలహా కావాలి. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేను ఇక్కడ పదిహేనేళ్ళుగా పాశ్చాత్య వయొలిన్ నేర్పుతున్నాను. మా వీధిలో సగం కొట్లు టర్కిష్ వాళ్ళవే. 1961లో జర్మనీ, టర్కీ ఒప్పందం చేసుకున్నాక ఫ్యాక్టరీల్లో పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. వాళ్ళ మనవలు ఇప్పుడు నా దగ్గర వయొలిన్ నేర్చుకుంటున్నారు. అందులో ఒక అమ్మాయి వాళ్ళ నాన్న ఊద్ (మీటి వాయించే తీగవాద్యం) వాయిస్తారు. ఆయనా నేనూ మాటల్లో అనుకున్నది ఇప్పుడు నిజం కార్యక్రమమైంది. మా వైపు పన్నెండు తీగవాద్యాలు, ఒక పియానో, ఒక కండక్టర్. వాళ్ళ వైపు నేయ్ (రెల్లు వేణువు), కానూన్ (స్వరమండలం లాంటిది), ఊద్, కుదుమ్ (చిన్న జంట డోళ్ళు), దావుల్ (పెద్ద డోలు), జుర్నా (సన్నాయి లాంటిది). వీళ్ళందరి ముందు ఎనిమిది మంది జానపద నాట్యకారులు. డెబ్బై నిమిషాలు. ఇంకా ఆరు వారాలే ఉంది.

మొదటి రిహార్సల్ పోయిన శనివారం అయింది. మూడు చోట్ల దెబ్బతిన్నాం.

ఒకటి, రాస్ట్ మకామ్. మకామ్ అంటే మన రాగం లాంటిది. నేయ్ వాయించే పెద్దాయన ఊపిరి తీసుకుని గాంధారం మీద నిలిచారు. ఆ స్వరం కింద మా పియానో వాయించే ఆయన మేజర్ కార్డ్ (షడ్జ గాంధార పంచమాలు ఒకేసారి) వేశాడు. విడివిడిగా రెండూ బాగానే ఉన్నాయి. కలిపి వింటే అన్నంలో ఇసుక రేణువు పంటికింద పడ్డట్టుంది.

రెండు, కర్షులమా. తొమ్మిది మాత్రల నాట్యం. మా వాళ్ళకి తొమ్మిది అనగానే మూడు మూళ్ళు. నాట్యకారుల కాళ్ళు మాత్రం ఇంకెక్కడో పడుతున్నాయి.

మూడోదే నన్ను బాగా బాధపెట్టింది. ఏజియన్ తీరం వాళ్ళ జెయ్‌బెక్ అనే నాట్యం. చాలా నెమ్మది. నాట్యకారుడు చేతులు రెండూ డేగ రెక్కల్లా చాచి, మెల్లగా తిరిగి, మోకాలు నేలకి దించుతాడు. దించే ముందు గాలిలో ఆగుతాడు. ఎంతసేపు ఆగుతాడో ముందుగా ఎవరూ చెప్పలేరు. మా వాళ్ళు కండక్టర్ కర్ర చూస్తూ తర్వాతి బార్‌లోకి, అంటే తర్వాతి ఆవర్తంలోకి, వెళ్ళిపోయారు. అతని మోకాలు నేలకి తగిలేసరికి అక్కడ సంగీతం లేదు. అతను ఏమీ అనలేదు. లేచి, ప్యాంటుకి అంటిన దుమ్ము దులుపుకుని, మళ్ళీ మొదటి చోటికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ రెండు సంగీతాలను కలిపి చూసినవాళ్ళు, విన్నవాళ్ళు, వాయించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

---

చాపుతాళం (విజయవాడ)

అక్కా, ముందు ఆ తొమ్మిది సంగతి తేల్చేద్దాం. మీ మూడు కష్టాల్లో తేలిగ్గా తీరేది అదే.

కొన్నేళ్ళ కిందట ఒక పర్యటనలో ఇజ్మీర్ నుంచి వచ్చిన కుదుమ్ కళాకారుడు, నేను మూడు రోజులు ఒకే గదిలో ఉన్నాం. మేం చేత్తో తాళం వేసినట్టే వాళ్ళు మోకాళ్ళ మీద వేస్తారు. కుడి చెయ్యి కుడి మోకాలి మీద పడితే దుమ్, ఎడమ చెయ్యి ఎడమ మోకాలి మీద పడితే తెక్. ఉసూల్ అంటే మన తాళం లాంటిది. పాట నేర్చుకునే పిల్లవాడు మోకాళ్ళు కొట్టుకుంటూనే నేర్చుకోవాలట. పాట నోట్లో, ఉసూల్ ఒంట్లో.

మీ కర్షులమా తొమ్మిది 2+2+2+3. ఈ నడకకి వాళ్ళ పేరు ఆక్సాక్, అంటే కుంటిది అని. దుమ్, తెకె, దుమ్, తెక్, తెక్. చివర ఆ కాస్త సాగినచోటే నాట్యకారుడి అడుగు లేస్తుంది. మీ వాళ్ళ చేత లెక్క పెట్టించకండి. నోటితో అనిపించండి:

తక తక తక తకిట
తక తక తక తకిట

వాయిద్యాలు కింద పెట్టించి, నిలబెట్టి, పావుగంట ఇదే. "తకిట" దగ్గర ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చమనండి. జర్మన్లకైనా, జపాన్ వాళ్ళకైనా వస్తుంది. నేను చేయించి చూశాను.

ఇదే పద్ధతిలో జుర్జునా అని పది మాత్రలది ఉంది: తకిట తక తక తకిట. దేవ్‌రి హిందీ అని ఏడు మాత్రలది ఉంది: తకిట తక తక. పేరుకు అర్థం "భారతీయ చక్రం". ఆ కళాకారుడు అది మోకాళ్ళ మీద వేస్తుంటే నేను పక్కన మిశ్రచాపు అందుకున్నాను. ఇద్దరం ఒక్క క్షణం ఆగి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ రాత్రి భోజనానికి వెళ్ళేసరికి హోటల్ వంటగది మూసేశారు.

---

పాత_రికార్డులు (బెంగళూరు)

కొంచెం చరిత్ర చెప్పనివ్వండి, కార్యక్రమం క్రమం వేసుకోవడానికి పనికొస్తుంది.

ఇలాంటి కార్యక్రమం అనగానే అందరూ ముందు మొజార్ట్ దగ్గరికి పరిగెత్తుతారు. పియానో సొనాటా చివరి భాగం "అల్లా తుర్కా", 1782లో వియన్నాలో ఆడిన అంతఃపుర అపహరణ ఒపేరా, బేతోవెన్ టర్కిష్ మార్చ్. అవన్నీ గొప్పవే. కానీ వాటిలో ఉన్నది టర్కిష్ మకామ్ కాదు. ఉస్మానియా (ఒట్టోమన్) సైన్యం వెంట నడిచే మెహ్‌తర్ బృందాల డోలు, తాళాల మోత వియన్నా చెవుల్లో మిగిల్చిన గుర్తు అది. పెద్ద డోలు, సింబల్స్, ట్రయాంగిల్ చేర్చి రెండు మాత్రల కవాతు వేస్తే అక్కడ అది "టర్కిష్". ఆ రోజుల్లో వియన్నా పియానోల్లో కొన్నిటికి టర్కిష్ పెడల్ కూడా ఉండేది. కాలితో నొక్కితే పియానో చెక్క మీద దెబ్బ పడి డోలు మోగినట్టుండేది, పక్కనే గంట మోగేది.

అటునుంచి ఇటు వచ్చిన కథ తక్కువమందికి తెలుసు. 1826లో సుల్తాన్ రెండో మహ్మూద్ జానిసరీ అనే తన పాత సైన్యాన్ని రద్దు చేశాడు. దాంతో మెహ్‌తర్ కూడా పోయింది. రెండేళ్ళకి, 1828లో, ఆస్థానంలో యూరప్ పద్ధతి బ్యాండు తయారు చెయ్యడానికి ఇటలీ నుంచి జుసెప్పె డోనిజెట్టి వచ్చాడు. ఒపేరాలు రాసిన గాయెటానో డోనిజెట్టికి అన్న. అంటే ఇస్తాంబుల్‌లో ఈ రెండు సంగీతాలు ఒకే ఇంట్లో ఉండటం మొదలై రెండు వందల ఏళ్ళు కావస్తోంది. మీరు కొత్తగా కలుపుతున్నదేమీ కాదు, ధైర్యంగా ఉండండి.

మీ పన్నెండు మందికి నేను వినిపించమనేది టర్కిష్ స్వరకర్త ఉల్వి జెమాల్ ఎర్కిన్ రాసిన "కోచెక్‌చె", 1943. పూర్తిగా పాశ్చాత్య ఆర్కెస్ట్రాకి రాసిన నాట్య సంగీతం. ఆస్థానాల్లో స్త్రీవేషం వేసుకుని ఆడే కోచెక్ అనే కుర్రాళ్ళ పాటల వరసల నుంచి తీసుకున్నది. మన భామవేషం తెలిసినవాళ్ళకి ఆ సంప్రదాయం వింతగా ఉండదు. అది వింటే కమాను పట్టినవాళ్ళకి కుంటి నడక ఎలా ఉంటుందో తెలుస్తుంది.

డేవ్ బ్రూబెక్ 1958లో ఇస్తాంబుల్ వీధుల్లో ఈ తొమ్మిది విని, మరుసటి ఏడు జాజ్‌లో పెట్టాడు. 2+2+2+3 మూడుసార్లు, తర్వాత ఒకసారి 3+3+3. మీ వాళ్ళ మూడు మూళ్ళకి అక్కడ చోటుంది.

---

శుద్ధశ్రుతి (తిరుపతి)

నా అభిప్రాయం వేరు. ఎవరినీ నొప్పించాలని కాదు.

మకామ్ సంగీతం ఒక్క దారంలా సాగేది. దానికి కార్డులు అక్కర్లేదు. మన రాగానికి అక్కర్లేనట్టే. కింద పియానో పెట్టగానే స్వరం పియానో వైపు జరగాల్సి వస్తుంది, పియానో మాత్రం జరగదు. ప్రతి "కలయిక"లోనూ చివరికి తగ్గేది ఒకే వైపు. ముప్ఫై ఏళ్ళుగా మన కచేరీల్లో కీబోర్డు పక్కన పెట్టుకుని ఏం పోగొట్టుకున్నామో చూస్తూనే ఉన్నాను. కొలోన్ గారు, నేయ్ వాయించే ఆ పెద్దాయన్ని ఒంటరిగా అడగండి, ఆయనకి నిజంగా ఈ పియానో కావాలా అని.

---

బోస్ఫరస్_ఒడ్డున (ఇస్తాంబుల్)

శుద్ధశ్రుతి గారు అడిగింది సరైన ప్రశ్న. దానికి జవాబు ఉంది, కాస్త లోపలికి వెళ్ళాలి.

నేను ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళు. ఊద్ నేర్చుకుంటూ ఆరేళ్ళు. మా గురువుగారు మొదటి రోజు చెప్పింది: టర్కిష్ లెక్కలో స్థాయిని 53 కోమాలుగా విడగొడతారు. పెద్ద స్వరాంతరం 9 కోమాలు. ఇక రాస్ట్‌లో గాంధారం, వాళ్ళు సెగాహ్ అంటారు, షడ్జం నుంచి 17 కోమాలు. సెంట్లలో (స్థాయి మొత్తం 1200 సెంట్లు) చెప్పాలంటే సుమారు 385. పియానో గాంధారం 400. ఆ పదిహేను సెంట్లే కొలోన్ గారి పంటికింద ఇసుక.

ఇప్పుడు అసలు సంగతి. తంబూరా శ్రుతి చక్కగా కుదిరినప్పుడు మనం మీటకుండానే ఒక గాంధారం పలుకుతుంది కదా, స్వయంభూ గాంధారం. అది 386. అంటే పెద్దాయన నిలిచిన స్వరం మన తంబూరాలోంచి తనంతట తాను లేచే స్వరమే. తేడా ఒక్క సెంటు. ఆయన అపశ్రుతి కాదు, పియానో ట్యూన్ చేసిన పద్ధతి వేరు, అంతే. ఉష్షాక్ మకామ్‌లో రెండో స్వరం వాడుకలో ఇంకా కిందికి జారుతుంది, అక్కడికి పియానోని అసలు రానివ్వకండి.

అందుకని ఇలా చెయ్యండి:

రాస్ట్ భాగంలో కార్డు నుంచి గాంధారం తీసెయ్యండి. షడ్జ పంచమాలే ఉంచండి. ఇక్కడి కాగితం మీద రాస్ట్ షడ్జాన్ని సోల్ (G) అని రాస్తారు, మామూలుగా వాడే శ్రుతిలో అది రే (D) గా పలుకుతుంది. మీ పాశ్చాత్య వాద్యకారులకి ఆ కాగితం అలాగే ఇస్తే గందరగోళమే, తిరగరాసి ఇవ్వండి. రే మీద కూర్చుంటే మీకు లాభం: వయొలిన్, వయోలా, చెల్లో అన్నిటికీ రే, లా (A) ఖాళీ తీగలు. వాటిని శుద్ధ పంచమానికే కదా మీరు శ్రుతి చేసేది. 53 కోమాల లెక్కలోనూ పంచమం దాదాపు అదే. కంపనం లేకుండా, పొడవైన కమానుతో ఖాళీ తీగలు మోగిస్తే మీ పన్నెండు మందీ ఒక తంబూరా అవుతారు.

పియానో ముద్దు అనుకుంటే నిహావెంద్, కుర్దీ మకామ్‌లలో పెట్టుకోండి. నిహావెంద్ మన కీరవాణికి దగ్గర, కుర్దీ తోడికి దగ్గర. అక్కడ కార్డు బాధించదు. ఇక్కడి సినిమా పాటలు, పాప్ పాటలు ఎక్కువగా ఆ దారే పట్టడానికి కారణం అదే.

కానూన్ కళాకారుడి ఎడమ చెయ్యి ఒకసారి దగ్గర్నుంచి చూడండి. తీగల చివర వరసగా చిన్న చిన్న లోహపు మీటలు ఉంటాయి, మందాల్ అంటారు. కుడి చేత్తో మీటుతూనే ఎడమ చేత్తో టక్ టక్‌మని వాటిని లేపుతూ దించుతూ ఒక్కో కోమా మారుస్తుంటాడు. పియానో ఆయన్ని ఒక పూట ఆ పక్కన కూర్చోబెట్టండి. ఉపన్యాసం అక్కర్లేదు.

జెయ్‌బెక్ గురించి రేపు రాస్తాను, ఇక్కడ అర్ధరాత్రి దాటింది.

---

గజ్జెల_సవ్వడి (న్యూజెర్సీ)

జెయ్‌బెక్ గురించి నాట్యం చేసేవాళ్ళ తరఫున నేను చెబుతాను.

కొలోన్ అక్కా, మీ రిహార్సల్‌లో కండక్టర్ ఎటు తిరిగి నిలబడ్డారు? వాద్యాల వైపు తిరిగి ఉంటారు. అంటే నాట్యకారులు ఆయన వీపు వెనక. మా కూచిపూడిలో నట్టువాంగం పట్టినవాళ్ళు పక్కన కూర్చుంటారు, చూపు మాత్రం మా పాదం మీదే. నేను తరంగంలో పళ్ళెం అంచుల మీద ఉన్నప్పుడు మా గురువుగారి తాళం నా బరువు కుదిరేదాకా ఒక వెంట్రుకవాసి ఆగేది. ప్రేక్షకుడికి తెలియదు. నాకు తెలుసు. ఆ వెంట్రుకవాసి లేకపోతే పడతాం.

మీ నాట్యకారుడు గాలిలో ఆగింది అదే. అతను ఆలస్యం చెయ్యలేదు. అతని కోసం ఎవరూ ఆగలేదు.

---

బోస్ఫరస్_ఒడ్డున (ఇస్తాంబుల్)

గజ్జెల గారు నేను రాయబోయింది ముందే రాసేశారు. దానికి ఇక్కడి సంగతి ఒకటి కలుపుతాను.

హాలాయ్ చూశారా? చిటికెన వేళ్ళు కలుపుకునో, భుజాలు ఆనించుకునో వరసగా నిలబడి ఆడేది. ఇక్కడ పెళ్ళి అంటే హాలాయ్ ఉండాల్సిందే. వరస కొసన ఉండేవాడిని హాలాయ్‌బాషి అంటారు. అతని చేతిలో ఒక రుమాలు ఉంటుంది, మెందిల్. అది తిప్పే తీరును బట్టి వరసకి అడుగు మారుతుంది, వేగం మారుతుంది. దావుల్ కొట్టేవాడు కళ్ళార్పకుండా ఆ రుమాలే చూస్తుంటాడు. నల్లసముద్రం వైపు హోరోన్‌లో అయితే నాయకుడు కేకేస్తాడు. జెయ్‌బెక్‌లో ఆడేవాడి మోకాలే ఆజ్ఞ.

అంటే ఈ సంగీతంలో కండక్టర్ ముందునుంచీ ఉన్నాడు. అతను నాట్యకారుల్లో ఉన్నాడు. మీ కర్ర ఆ రుమాలుకి లోబడాలి. మధ్యలో దావుల్ మీకు దుబాసీ. ఒక చేతిలో లావు కర్ర, తోక్మాక్, బరువు దెబ్బకి. ఇంకో చేతిలో సన్నటి బెత్తం, చిరుదెబ్బలకి. జెయ్‌బెక్‌లో మోకాలు దిగబోయే ముందు ఆ సన్న బెత్తం మోత పలచబడుతుంది, చెవి పెట్టి వినండి. మీ చెల్లోలకి అదే సూచన.

---

కొలోన్_కమాను (కొలోన్, జర్మనీ)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. శుద్ధశ్రుతి గారు చెప్పినట్టే పెద్దాయన్ని ఒంటరిగా అడిగాను. చాలాసేపు ఆలోచించి, "పియానో ఉండనీ అమ్మా, నేను నిలిచినచోట మాత్రం నన్ను ఒక్కడినే ఉండనీ" అన్నారు.

ఇంకో తలనొప్పి వచ్చింది. నిర్వాహకులు చివర్లో సూఫీలు తెల్ల అంగరఖాతో గిరగిరా తిరిగే సెమా కావాలంటున్నారు. పోస్టర్‌కి అదే బొమ్మ అట. మా బృందంలో సెమాజెన్ (సెమా నేర్చినవాళ్ళు) లేరు, జానపద నాట్యకారుల్లో ఒకరిని తిప్పేస్తే సరిపోతుందని వాళ్ళ ఆలోచన. నాకు మనసొప్పడం లేదు.

---

బోస్ఫరస్_ఒడ్డున (ఇస్తాంబుల్)

దయచేసి వద్దు.

సెమా నాట్యం కాదు, ఆరాధన. నాలుగు సెలామ్‌లుగా, అంటే నాలుగు భాగాలుగా సాగుతుంది, మధ్యలో ఉసూల్ మారుతుంటుంది. కుడి అరచెయ్యి ఆకాశానికి, ఎడమ అరచెయ్యి నేలకి. ఎడమ పాదం నేలని వదలదు. పూర్వం నేర్చుకునేవాళ్ళకి నున్నటి పలక మీద ఒక మేకు దిగ్గొట్టి, దాన్ని కాలివేళ్ళ మధ్య పెట్టుకుని తిరిగించేవారు, చర్మం ఒరుసుకుపోకుండా ఉప్పు చల్లి. 1925లో టర్కీలో దర్గాలన్నీ చట్టం పెట్టి మూసేస్తే, దశాబ్దాల పాటు దీన్ని ఇళ్ళల్లో గుట్టుగా కాపాడుకున్నారు. 2008లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. నేను కోన్యాలో డిసెంబరు 17 రాత్రి, సూఫీ కవి రూమీ కన్నుమూసిన రోజు, చూశాను. తిరిగే బట్టల గాలి మొహానికి తగులుతుంది. అయిపోయాక చప్పట్లు కొట్టాలనిపించదు.

నేర్చుకోని మనిషిని పోస్టర్ కోసం తిప్పడం వద్దు.

---

గజ్జెల_సవ్వడి (న్యూజెర్సీ)

నేర్చుకోనివాళ్ళతో వద్దన్నదానికి నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆరాధన స్టేజి ఎక్కకూడదు అనేది నాకు మింగుడుపడదు. మా కూచిపూడి భాగవతులు గుడి ముందు ఆడినదే మేం ఈరోజు ఆడిటోరియంలో ఆడుతున్నాం. మెర్జాన్ దెదె నేయ్‌కి ఎలక్ట్రానిక్ సంగీతం కలిపి, పక్కన తిరిగే నర్తకితో దేశదేశాల్లో ప్రదర్శించారు. అది చూసి కళ్ళు చెమర్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. చేసేవాళ్ళకి అది ఏమిటో తెలిసి ఉండాలి. నా పట్టింపు అంతవరకే.

---

శుద్ధశ్రుతి (తిరుపతి)

ఈ ఒక్క విషయంలో ఇద్దరితోనూ ఏకీభవిస్తాను. పెద్దాయన మాట చదివాక పియానో గురించి నా పట్టు కూడా కొంచెం సడలింది. కార్డు గాంధారం తీసేశారా లేదా?

---

మిక్సర్_దగ్గర (హైదరాబాద్)

సౌండు గురించి ఎవరూ మాట్లాడలేదు. హాల్లో మీ కష్టమంతా పోయేది అక్కడే.

దావుల్, జుర్నా ఆరుబయట ఊరందరికీ వినపడటానికి పుట్టినవి. నేయ్ నాలుగు గోడల మధ్య పుట్టింది. రెంటినీ ఒకే వరసలో కూర్చోబెడితే నేయ్ మైకులోకి దావుల్ తప్ప ఇంకేం రాదు. దావుల్‌ని నాట్యకారుల వైపు స్టేజి అంచుకి పంపండి, దానికి మైకు అక్కర్లేదు. నేయ్‌ని స్టేజికి రెండో కొసన పెట్టండి. మైకు నోటి దగ్గర పెట్టకండి, ఊపిరి చప్పుడే వస్తుంది. వేళ్ళ రంధ్రాల ఎత్తులో, జానెడు దూరంలో పెట్టించండి. నేయ్ వెదురులాంటి రెల్లు, వెచ్చబడేకొద్దీ శ్రుతి పెరుగుతుంది. ఆయన స్టేజి ఎక్కే ముందు పది నిమిషాలు వాయించి వేడి చేసుకునేలా చూడండి, కానూన్ శ్రుతి చూసుకునేది ఆ తర్వాతే.

ఇంకోటి. హాలాయ్‌లో ఎనిమిది జతల బూట్లు ఒకేసారి చెక్క నేల మీద పడతాయి. చెల్లో మేకు అదే నేల మీద దిగి ఉంటుంది. ఆ దడ నేరుగా చెల్లో లోపలికి పోయి మైకులో ఉరుములా వస్తుంది. నేను ఒక కార్యక్రమంలో ఇది ముందు ఆలోచించక మొదటి ఐదు నిమిషాలు పాడుచేశాను. తీగవాద్యాలన్నిటినీ విడి వేదిక మీద, కింద దళసరి రబ్బరు చాపతో కూర్చోబెట్టండి.

---

పాత_రికార్డులు (బెంగళూరు)

నాట్యం కోసం టర్కిష్ స్వరకర్త ఆర్కెస్ట్రాకి రాసింది కావాలంటే ఫెరిత్ తుజున్ "చెష్మెబాషి" వెతకండి. 1965 నాటి బ్యాలే. నాట్యరచన నినెట్ డి వాల్వా. లండన్ రాయల్ బ్యాలేని నిలబెట్టిన ఆవిడే 1948లో ఇస్తాంబుల్‌లో ప్రభుత్వ బ్యాలే పాఠశాల పెట్టించారు. ఊరి ఊట దగ్గర జరిగే కథ, మన చెరువుగట్టు కబుర్ల లాంటిది.

1934లో టర్కీ రేడియోలో సంప్రదాయ టర్కిష్ సంగీతాన్నే దాదాపు రెండేళ్ళు ఆపేశారని తెలిశాక ఈ కృతుల్ని నేను ఇంకో చెవితో వింటున్నాను. 1936లో స్వరకర్త బేలా బార్టోక్ హంగరీ నుంచి వచ్చి టర్కిష్ స్వరకర్త అహ్మెత్ అద్నాన్ సాయ్‌గున్‌తో కలిసి అదనా చుట్టుపక్కల పల్లెల్లో పాటలు రికార్డు చేస్తూ తిరిగాడు. రేడియో వద్దన్నది ఒకటి, పల్లెల్లో వాళ్ళు వెతికింది ఇంకొకటి, రెండూ ఆ దేశపు గొంతులే.

---

కొలోన్_కమాను (కొలోన్, జర్మనీ)

నాలుగో రిహార్సల్ నుంచి ఇప్పుడే ఇంటికి వచ్చాను.

చాపుతాళం తమ్ముడూ, పావుగంట అన్నావు, ముప్పావుగంట పట్టింది. రెండో వరస వయోలా వాయించే అరవై ఏళ్ళ పెద్దమనిషి మొదట్లో సిగ్గుపడ్డాడు. చివరికి నాట్యకారుల్లో చిన్నమ్మాయి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని "తకిట" దగ్గర పక్కకి ఒక అడుగు వేయించింది. ఆ అడుగుతో ఆయనకి వచ్చేసింది. తర్వాత వాయిస్తున్నంతసేపూ కుర్చీలో ఆయన ఎడమ మడమ లేస్తూనే ఉంది.

కండక్టర్‌తో మాట్లాడటమే కష్టమైంది. మంచి మనిషి, కానీ ముప్ఫై ఏళ్ళుగా అందరూ ఆయన చేతినే చూశారు. ఇప్పుడు ఆయన ఇంకొకరి చేతిని చూడాలి. నేను వాదించలేదు. ఆయన్ని స్టేజి మీంచి దింపి, హాలాయ్ వరసలో నాలుగో మనిషిగా నిలబెట్టాం. రెండు చుట్లు ఆడారు. మూడో చుట్టులో రుమాలు పైకి లేవగానే తనంతట తానే వేగం మార్చారు. దిగి వచ్చి, తన స్టాండు తీసుకెళ్ళి స్టేజి ఎడమ చివర, నాట్యకారులూ వాద్యకారులూ ఇద్దరూ కనపడేలా పెట్టుకున్నారు.

సెమా లేదు. నిర్వాహకులకి ఉత్తరం రాసిచ్చాం. ఆ చోట స్టేజి మీద ఎవరూ కదలకుండా నేయ్ తక్సీమ్ ఒక్కటే, మన ఆలాపన లాంటిది.

శుద్ధశ్రుతి గారూ, గాంధారం తీసేశాం.

---

గజ్జెల_సవ్వడి (న్యూజెర్సీ)

కండక్టర్‌ని వరసలో నిలబెట్టిన ఆలోచన ఎవరిదక్కా? వాళ్ళకి నా దండం.

---

కొలోన్_కమాను (కొలోన్, జర్మనీ)

ఆ చిన్నమ్మాయిదే.

నిన్న కార్యక్రమం అయింది. అన్నీ సరిగ్గా జరిగాయని చెప్పను. జుర్జునా భాగంలో మొదటి వయొలిన్లు ఒక చోట చెదిరాయి, కుదుమ్ వాళ్ళని రెండు చుట్లలో దారికి తెచ్చింది. నిహావెంద్‌లో పియానో చాలా అందంగా ఉంది, ఊద్ ఆయన వాయిస్తూనే తలతిప్పి పియానో వైపు చూసి నవ్వారు.

రాస్ట్‌లో పన్నెండు మందీ ఖాళీ తీగల మీద రే, లా పట్టుకున్నారు. పెద్దాయన సెగాహ్ మీదికి వచ్చి నిలిచారు. ఆ స్వరం కింద మా తీగలు ఒక్కసారిగా పెద్దవైనట్టు మోగాయి. నా చుబుకం కింద వయొలిన్ చెక్క వణకడం తెలిసింది. బోస్ఫరస్ గారు చెప్పిన తంబూరా ఇదేనని, ఎప్పుడో కాకినాడలో మా నాయనమ్మ తంబూరా మీద చెవి ఆనించి కూర్చున్న మధ్యాహ్నం గుర్తొచ్చింది. పియానో ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

జెయ్‌బెక్. అతను చేతులు చాచాడు. తిరిగాడు. దావుల్ సన్న బెత్తం పలచబడింది, ఆగింది. మా కమాన్లన్నీ తీగల మీద కదలకుండా ఉన్నాయి. అతను గాలిలో ఉన్నాడు. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. మోకాలు చెక్కని తాకింది, ఆ చప్పుడు మీదే తోక్మాక్ దెబ్బ, ఆ దెబ్బ మీదే చెల్లోలు. మొదటి రిహార్సల్ నాడు దుమ్ము దులుపుకుని వెళ్ళిన అతను ఈసారి లేస్తూ మా వైపు చూసి తల వంచాడు.

చివరి హాలాయ్‌లో ప్రేక్షకుల్లోంచి ఆడవాళ్ళు లేచి వచ్చి వరసలో కలిశారు. వరస స్టేజి దిగి, కుర్చీల మధ్య దారిలోంచి హాలు చుట్టింది. ఎనిమిది మందితో మొదలైంది ఎంతమంది అయిందో లెక్క తెలియదు. కండక్టర్ కర్ర పక్కన పెట్టేసి రుమాలు ఎటు పోతే అటు తిరుగుతూ మాకు చూపు అందించారు. కార్యక్రమం అయ్యాక హాలాయ్‌బాషి ఆ రుమాలు మడిచి ఆయనకిచ్చాడు. ఆయన కోటు పైజేబులో పెట్టుకున్నారు.

---

చాపుతాళం (విజయవాడ)

అక్కా, చదువుతుంటే నా మోకాలు కూడా కదిలింది. మా విద్యార్థులతో ఆ రాస్ట్ భాగం వయొలిన్లు, మృదంగంతో ప్రయత్నిస్తాను. కాగితాలు పంపగలరా?

---

కొలోన్_కమాను (కొలోన్, జర్మనీ)

ఆదివారం స్కాన్ చేసి ఇక్కడే పెడతాను తమ్ముడూ. రే మీదికి తిరగరాసినవే పెడతాను. మూడో పేజీలో పియానో కుడిచేతి వరస మొత్తం ఎర్ర పెన్సిలుతో కొట్టేసి ఉంటుంది. అది పియానో ఆయన స్వయంగా కొట్టేసుకున్నది, అలాగే ఉంచాను.